వేరుశెనగ చేనిమీద పరావలయము

2016వ సంవత్సరము ఆగస్టు మాసమున, తొలకరి వానలకు విత్తిన వేరుశెనగ ఊడలు దిగు దశకు వచ్చి, నేల మెత్తగా నుండవలసిన ఆ దినములలోనే మబ్బు మొగము చాటువేసి, అనంతపురము జిల్లాలోని ఎఱ్ఱచేలు బెట్టకు బిగిసిపోవుచుండగా, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పంటకుంటలలోని నీటిని ఇంజన్లతో తోడి రెయిన్ గన్లతో చేలమీద చిమ్మించుటకు పూనుకొనెను. ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు జిల్లాకు వచ్చి ఆ కార్యమును స్వయముగా పర్యవేక్షించిరి. దానివలన ఎంత పంట దక్కినది, ఎంత ఎండినది అను విషయమై నాడును పిమ్మటను వాదోపవాదములు చాల జరిగినవి. వానిని తీర్చుట ఈ వ్యాసమునకు పని కాదు. నేను చెప్పదలచినది ఆ గన్ను మూతినుండి వెడలి, ఆకాశమున వంగి, చేనిమీద పడిన నీటిధారను గూర్చియు, ఆ ధార తన మార్గమును తానే గీచి చూపిన ఒక లెక్కను గూర్చియు మాత్రమే.

సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున మాత్రమే వర్షము పడు సీమ యిది. నైరుతి ఋతుపవనము పడమటి కనుమలను దాటునప్పటికే తన భారమును చాలవఱకు దించుకొని వచ్చును. ఈశాన్య పవనము తీరమునకు దూరమైన ఈ పీఠభూమిని చేరునప్పటికి నీరసించియుండును. పడినంతయైనను సమముగా పడునా యన్న, అదియు లేదు: విత్తుటకు పదునిచ్చిన వాన పైరు కోరిన వారమున రాకపోవుట యిక్కడి రైతునకు తఱచు అనుభవమే. పూత ముగిసి ఊడ నేలలోనికి దిగునప్పుడు పైపొర గట్టిపడియున్నచో ఊడ దిగదు, దిగనిచో కాయ లేదు. ఆ సమయమున 20 మిల్లీమీటర్ల తడి యొకటి దొరికిన పైరు ప్రాణము నిలుపుకొనవచ్చును. పొడవును వెడల్పును పది పది మీటర్లు, లోతు రెండు మీటర్లుగా, గోడలు నిట్టనిలువుగా నున్న కుంట యొకటి నిండియున్నదని భావించిన, అందలి నీరు రెండు లక్షల లీటర్లు. ఒక్క బొట్టైనను దారిలో పోనీయక చల్లగలిగినచో అది సరిగా ఒక హెక్టారునకు, అనగా రెండున్నర ఎకరములకు, ఒక్క తడి మాత్రమే యగును. ఇంత కొలతగా నున్న నీటిని చిమ్మునప్పుడు అది ఎంత దూరము పోవును, ఎచ్చట పడును అను ప్రశ్న ఉబుసుపోక ప్రశ్న కాదు.

మూడుకాళ్ల యినుపస్టాండుమీద నిలిపిన ఆ పరికరమునుండి నీరు ఏటవాలుగా పైకెగసి, ఒక శిఖరమును తాకి, వంగి, దూరమున చినుకులుగా విడిపోయి నేలను చేరును. గన్ను తనచుట్టు తాను మెల్లగా తిరుగుచుండుటచే తడిసిన నేల వలయాకారమగును. రాయి విసరినప్పుడు దాని త్రోవ మన కంటికి నిలువదు. ఈ క్షణమున నొకచోట, మఱుక్షణమున మఱొకచోట నుండి, పోయిన దారిని గాలిలో మిగుల్చక మాయమగును. నీటిధార యట్లు కాదు. ఇప్పుడే మూతిని విడిచిన బొట్టును, అరసెకను క్రిందట విడిచిన బొట్టును, రెండు సెకన్ల క్రిందట విడిచిన బొట్టును ఒక్కచూపులో కనబడుచుండుటచే, విసరబడిన వస్తువు నడుచు దారి యంతయు ఆకాశమున గీచిపెట్టినట్లు నిలిచియుండును. భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయునకు నల్లబల్లమీది సుద్దగీతకంటె ఈ ధార వేయిరెట్లు మేలైన ఉపకరణమని నా నిశ్చితాభిప్రాయము.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరమున భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థికిని ఈ వక్రరేఖ ప్రక్షేపక చలనమను పేర ఎదురగును. దానిపేరు పరావలయమనియు, ప్రక్షేపణ కోణము 45 డిగ్రీలైనప్పుడు వ్యాప్తి, అనగా వస్తువు పోవు అడ్డదూరము, గరిష్ఠమనియు, ప్రయాణకాలమునకు ఒక సూత్రము, గరిష్ఠోన్నతికి ఒక సూత్రము, వ్యాప్తికి ఒక సూత్రము కలవనియు అతడు కంఠస్థము చేయును. ప్రవేశపరీక్షల త్వరలో, ప్రశ్నను చూచినంతనే ఏ సూత్రములో ఏ అంకెను వేయవలెనో స్ఫురించుటయే విద్యయని అతనికి నేర్పుచున్నారు. కాని ప్రశ్నలో ఒక్క మెలిక పెట్టి, విసరిన చోటును పడిన చోటును ఒకే మట్టమున లేవని చెప్పిన చాలును, ఆ కంఠస్థ విద్య యంతయు కూలిపోవును. తెలివిలేక కాదు, ఆ సూత్రములు ఎచ్చటినుండి పుట్టినవో, ఏ షరతులకు లోబడి పుట్టినవో అతనికి ఎవరును చూపలేదు. ఆ పుట్టుక తెలిసినవానికి మూడు సూత్రములును అక్కఱలేదు. ఒక్క విభజన తెలిసిన చాలును.

మొదట, ప్రక్షేపకమనగా నేమి? వేరుశెనగ ఈ సీమను ఆక్రమింపకముందు, జొన్నయు సజ్జయు కొఱ్ఱయు పండిన కాలమున, మంచెమీద నిలిచి పిట్టలను తోలు కావలివాని చేతిలో వడిసెల యుండెడిది. రాతిని వడిసెల గూటిలో నుంచి, త్రాటి కొన నొకదానిని వ్రేలికి తగిలించి, రెండవ కొనను పట్టుకొని గిరగిర త్రిప్పి, సమయమెఱిగి ఆ రెండవ కొనను విడుచును. త్రాడు 80 సెంటీమీటర్ల పొడవుండి, సెకనుకు నాలుగు చుట్లు తిరిగినచో, రాయి సుమారు సెకనుకు 20 మీటర్ల వేగముతో వెడలును. అది ఎటు వెడలును? కేంద్రమునుండి బయటికి నెట్టబడినట్లు పోవునని పలువురు భావింతురు, అట్లు పోదు. విడిచిన క్షణమున వలయమునకు స్పర్శరేఖ ఎటున్నదో అటే పోవును. విడిచిన పిమ్మట వడిసెలకు గాని కావలివానికి గాని ఆ రాతిమీద అధికారమేమియు లేదు. చేయి యిచ్చిన ఊపు ఆ రాతిలో దాగియుండి దానిని ముందుకు నెట్టుచుండునను భావన మనస్సునుండి తొలగించుకొనవలెను. గాలిని తాత్కాలికముగా మఱచినచో, రాతిమీద అప్పటినుండి పనిచేయునది భూమి యాకర్షణ మొక్కటే. అది క్రిందికి మాత్రమే లాగును, ప్రక్కకు లాగదు. ఇట్లు విసరబడి, భూమి యాకర్షణకు మాత్రమే లోబడిన వస్తువే ప్రక్షేపకము. ఇంతమాత్రము గ్రహించినవాడు సగము లెక్క చేసినవాడే.

ఈ చిన్న సత్యమును పట్టుకొనుటకు మానవజాతికి చాల శతాబ్దములు పట్టినది. విసరబడిన వస్తువు తన యూపు తీఱువఱకు తిన్నగా పోయి, తీఱిన పిదప నేలకు రాలునని పూర్వులు తలచిరి. 1537లో ఫిరంగుల గూర్చి గ్రంథము వ్రాసిన ఇటలీ గణితజ్ఞుడు టార్టాగ్లియా, 45 డిగ్రీల వాలున పేల్చిన గుండు అన్నిటికంటె దూరము పోవునని సరిగా చెప్పియు, దాని మార్గమును మాత్రము ఒక సరళరేఖ, ఒక చాపము, మఱల ఒక సరళరేఖ అతికినట్లు చిత్రించెను. గెలీలియో పాడువాలో నుండగా, 1608 ప్రాంతమున, వాలుపలకమీదుగా గుండును దొర్లించి, బల్లయంచునుండి అది గాలిలోనికి వెడలి నేలమీద ఎంతదూరమున పడునో కొలిచి కొలిచి, అసలు సంగతిని బయటికి తీసెను; అది 1638లో లైడెన్ నగరమున అచ్చైన ఆయన తుది గ్రంథమున లోకమునకు తెలిసినది. ఆయన కనుగొన్నది యిది: వస్తువు ఒక్కటే యైనను దాని చలనములు రెండు. అడ్డముగా ముందునకు సాగుట యొకటి. నిలువుగా లేచి పడుట యొకటి. అడ్డచలనమునకు పడుట తెలియదు, నిలువుచలనమునకు సాగుట తెలియదు. ఒకే ప్రొద్దున వేర్వేఱు చేలలో పనికి దిగి, ఒకరి పని యొకరెఱుగక, ఒకే ప్రొద్దుకు పని విడుచు ఇద్దరు కూలీలవలె, ఆ రెంటికిని ఉమ్మడిగా నున్నది కాల మొక్కటే.

దీనిని మనస్సునకు పట్టించుటకు గుత్తి కోటకు పోవుదము. చుట్టునున్న మైదానమునుండి సుమారు 300 మీటర్లు లేచిన ఆ కొండమీద, కొనకొమ్మున, ఒకప్పుడు ఈ కోటను ఏలిన మరాఠా నాయకుడు మురారిరావు పేర, మురారిరావు గద్దె యని నేటికిని చూపు చిన్న కట్టడ మొకటి కలదు. అచ్చట నిలిచిన, క్రింద ఊరును దూరమున చేలును ఒక్కచూపున కనబడును. ఇట్టి దుర్గమును మైసూరు పాలకుడు హైదరాలీ 1776లో వశపఱచుకొనుట ఫిరంగుల బలమున కంటె నీటి కఱవు వలననే సాధ్యమైనది. కోటలో నీరు అడుగంటగా మురారిరావు లొంగక తప్పలేదు. ఈ పీఠభూమి చరిత్రలో నీటిబొట్టు నిర్ణయించినన్ని సంగతులు ఖడ్గము నిర్ణయించెనో లేదో సందేహమే.

ఆ గద్దెవంటి యొక కొండకొమ్మున నిలిచి, ఒక రాతిని ఏ ఊపును ఈయక అట్లే జాఱవిడిచితిమనియు, సరిగా అదే క్షణమున మఱొక రాతిని సెకనుకు 10 మీటర్ల వేగముతో తిన్నగా అడ్డముగా విసరితిమనియు భావింపుడు. ఏది ముందు నేల చేరును? ఈ ప్రశ్నను వినినవారిలో పెక్కురు, విసరిన రాయి ఎక్కువ దూరము పోవలెను గనుక ఆలస్యముగా పడునని తడుముకొనక చెప్పుదురు. రెండును ఒకేసారి పడును. రెంటికిని ఆరంభమున నిలువువేగము సున్నయే. రెంటిని క్రిందికి లాగు త్వరణము ఒక్కటే, సెకనుకు సెకనుకు 9.8 మీటర్లు. చఱియ నిట్టనిలువుగా 78.4 మీటర్లున్నదనుకొన్న, 4.9ని కాలముయొక్క వర్గముచే గుణించిన 78.4 రావలెను గనుక కాలము నాలుగు సెకన్లు. ఈ నాలుగు సెకన్లు నిలువులెక్క మనకిచ్చినవి. అడ్డలెక్కలో త్వరణము లేదు. సెకనుకు 10 మీటర్ల చొప్పున నాలుగు సెకన్లకు 40 మీటర్లు. విసరిన రాయి కొండ మొదటినుండి 40 మీటర్ల దూరమున పడును. ఇంకను గట్టిగా విసరి, వేగమును రెట్టింపు చేసిన 80 మీటర్ల దూరమున పడును. కాని అప్పుడును ఆ నాలుగు సెకన్లకే పడును. విద్యార్థి యీ నాలుగు సెకన్లమీద కొంతసేపు నిలువవలెను. ఇది అతనికి సహజమని తోచువఱకు ముందునకు పోరాదు. తోచిన పిదప మిగిలినదంతయు అంకగణితమే.

ఇక మన గన్నువద్దకు వత్తము. మూతివద్ద నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 3 కిలోలున్నదనుకొందము. చిన్న రెయిన్ గన్నులకు ఇది సామాన్యమైన ఒత్తిడియే. ఆ ఒత్తిడి 30 మీటర్ల యెత్తు నీటిస్తంభముయొక్క ఒత్తిడికి సమానము. గెలీలియోకు తుదిదినములలో తోడుగా నున్న టారిచెల్లి, రంధ్రమునుండి వెడలు నీటి వేగము, నీటిమట్టము ఎంత యెత్తున నున్నదో అంతయెత్తునుండి జాఱిపడిన వస్తువు పొందు వేగమునకు సమానమని 1644లో ప్రకటించెను. దానిని బట్టి లెక్కించిన మన నీటి వేగము సెకనుకు 24.2 మీటర్లు. గన్నును 30 డిగ్రీల వాలున నిలిపితిమి. ఇప్పుడు ఏ సూత్రమును తలపునకు తెచ్చుకొనక, వేగమును రెండుగా చీల్చుదము: 30 డిగ్రీల సైన్ 0.5 గనుక నిలువు అంశము 12.1 మీటర్లు, కొసైన్ 0.866 గనుక అడ్డపు అంశము 21 మీటర్లు. ఈ చీల్చుటలోనే సమస్యయొక్క ప్రాణమున్నది. కాగితముమీద నడుమ ఒక గీత గీచి, ఎడమవైపున అడ్డపు సంగతులును, కుడివైపున నిలువు సంగతులును వ్రాసికొని, ఒకవైపు అంకెను రెండవవైపునకు పొరపాటుననైనను దాటనీయక యుండుట మంచి యలవాటు. ఆ గీతను దాటుటకు హక్కు గలది కాల మొక్కటే.

నిలువులెక్కను చూడుడు. 12.1 మీటర్ల వేగముతో పైకి బయలుదేఱిన నీటిని భూమి సెకనుకు 9.8 చొప్పున తగ్గించుచుండగా, 1.24 సెకన్లకు నిలువువేగము సున్నయగును. అది శిఖరము. ఇచ్చటనే విద్యార్థులు తఱచుగా తడబడుదురు: శిఖరమున నీరు ఆగినదని వ్రాయుదురు. ఆగలేదు! నిలువువేగము మాత్రమే ఆగినది. అడ్డముగా అది అప్పుడును సెకనుకు 21 మీటర్ల వేగముతో పరుగిడుచునే యున్నది. మఱికొందఱు శిఖరమున త్వరణము కూడ సున్న యందురు. అట్లైన నీరు ఇక క్రిందికి వంగుటకు కారణమేది? భూమి యాకర్షణ శిఖరమున ఒక్క క్షణమైనను విశ్రమింపదు. ఎక్కుటకు పట్టినంత కాలమే దిగుటకును పట్టును గనుక, మూతిమట్టమునకు తిరిగి వచ్చుటకు మొత్తము 2.47 సెకన్లు. ఈ కాలమును గీత దాటించి అడ్డలెక్కకు ఇచ్చిన, 21ని 2.47చే గుణింపగా 52 మీటర్లు.

అయితే గన్ను మూతి నేలమీద లేదు; స్టాండు దానిని, అనుకొందము, మీటరున్నర ఎత్తున నిలిపినది. పుస్తకములోని వ్యాప్తి సూత్రము ఎత్తును పట్టించుకొనదు. విసరిన మట్టమునకే తిరిగి వచ్చువానికి మాత్రమే అది వర్తించును. మన విభజన తెలిసినవాడు కంగారుపడడు. పైదిశను ధనమనియు, క్రిందిదిశను ఋణమనియు ముందుగనే నిశ్చయించుకొని, నీరు తుదకు చేరవలసిన స్థానము మూతికి ఋణ 1.5 మీటర్లని వ్రాసికొని, 12.1ని కాలముచే గుణించి, అందుండి 4.9ని కాలవర్గముచే గుణించినదానిని తీసివేయగా ఋణ 1.5 రావలెనని సమీకరణము పెట్టును. వర్గసమీకరణము గనుక సమాధానములు రెండు వచ్చును: ఒకటి 2.59 సెకన్లు, రెండవది ఋణ 0.12 సెకన్లు. ఆ ఋణకాలమును చూచి భయపడనక్కఱలేదు. ఈ నీరు మూతినుండి గాక ఇదే వక్రరేఖమీద నేలనుండియే బయలుదేఱియున్నచో ఎంత ముందు బయలుదేఱవలసి యుండెడిదో అది చెప్పుచున్నది. మనకు కావలసినది మొదటిది. 2.59ని 21చే గుణింపగా 54 మీటర్ల పైచిలుకు. మీటరున్నర ఎత్తు మనకు రెండుమీటర్లకు మించిన దూరమును సంపాదించి యిచ్చినది. సూత్రము కంఠస్థము చేసినవాడు ఈ రెండు మీటర్లను ఎన్నడును చూడడు.

వాలును మార్చి చూచిన మఱికొన్ని చక్కని సంగతులు తెలియును. మన గన్నునకు, గాలి లేనియెడల, 45 డిగ్రీలవద్ద మూతిమట్టమున వ్యాప్తి సరిగా 60 మీటర్లు, అనగా నీటిస్తంభపు ఎత్తునకు రెట్టింపు. 30 డిగ్రీలకును 60 డిగ్రీలకును వ్యాప్తి ఒక్కటే, 52 మీటర్లు. 45కు ఇరువైపుల సమదూరమున నున్న ప్రతి కోణముల జంటయు ఇట్లే సమానదూరము విసరునని గెలీలియో నిరూపించెను. మొదటిదానిలో నీరు మూతికి ఏడున్నర మీటర్లు మాత్రమే లేచి త్వరగా దిగును. రెండవదానిలో ఇరువది రెండున్నర మీటర్లు లేచి, గాలిలో చాలసేపు తిరిగి దిగును. చేరుచోటు ఒక్కటే యైనను దారి ఒక్కటి కాదు.

అట్లైన మార్కెట్టులోని రెయిన్ గన్నులు 45 డిగ్రీల వాలున ఎందుకు లేవు? వానిని పరిశీలించిన, మూతి వాలు సాధారణముగా 20 మొదలు 30 డిగ్రీల లోపలనే యుండును. విసరుట కూడ మన లెక్క చెప్పినన్ని మీటర్లు కాదు. ఈ ఒత్తిడిలో సామాన్యముగా 25 నుండి 35 మీటర్ల ప్రాంతమున మాత్రమే. లెక్క తప్పా? తప్పు కాదు, లెక్కకు ముందు మనము గాలిని తాత్కాలికముగా మఱతుమని యొక షరతు పెట్టుకొంటిమి. ఆ షరతు ఎంత ఖరీదైనదో మొదట కొలిచి చూపినవాడు బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్లేయుడు. 1742లో వెలువడిన తన గ్రంథమున, సెకనుకు 1700 అడుగుల వేగముతో వెడలిన తుపాకిగుండు పరావలయపు లెక్క ప్రకారము 17 మైళ్లు పోవలెననియు, వాస్తవముగా ఆ దూరములో అత్యల్పభాగమే పోవుననియు ఆయన చూపెను. ఈయన చరమదశ మన ప్రాంతమునకు దూరమైనది కాదు: ఈస్టిండియా కంపెనీవారు కోటల పటిష్ఠతకై ఆయనను ఇంజనీరు జనరలుగా పంపగా, కడలూరు చెంతనున్న సెయింట్ డేవిడ్ కోటలో 1751లో ఆయన మరణించెను.

గాలి నిరోధము వేగము పెరిగినకొలది తీవ్రముగా పెరుగును, ఎంతసేపు గాలిలో నున్న అంతసేపును తినును. ఎక్కువ వాలున విసరిన నీరు ఎక్కువసేపు పైన తిరుగును గనుక దాని అడ్డవేగము చాలవఱకు హరించిపోవును. వాలు తగ్గించిన పైన నుండు కాలము తగ్గి, ఆ నష్టము తగ్గును. ఈ రెంటికిని సమన్వయము కుదురుచోటు 45 డిగ్రీలకు చాల క్రిందనున్నది. పైగా ధార చినుకులుగా విడిపోయిన తరువాత ఒక్కొక్క చినుకునకు ఒక్కొక్క గతి. ఒక మిల్లీమీటరు వ్యాసముగల చినుకు నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 4 మీటర్లకు మించి పడజాలదు. అయిదు మిల్లీమీటర్ల చినుకు 9 మీటర్ల ప్రాంతమువఱకు పడును. చిన్నచినుకులు ముందుగనే అలసి గన్నునకు దగ్గఱ రాలును, పెద్దవి దూరము పోవును. అందుచే దూరమే పరమావధియని ధారను లావుగా, చినుకును పెద్దదిగా చేసినచో, వలయపుటంచున ఆ చినుకులు ఎఱ్ఱనేలను బాది, పైపొరను అట్టగట్టించి, ఏ ఊడకొఱకు నీరు పెట్టితిమో ఆ ఊడకే అడ్డమగును. కాగితముమీది గరిష్ఠము వేఱు, చేనికి కావలసిన గరిష్ఠము వేఱు. ఈ భేదమును చూపని భౌతికశాస్త్రబోధ సగము బోధయే యనుటకు నేను సంకోచింపను.

ఇంతవఱకు చెప్పినది నిశ్చలమైన గాలి సంగతి. అనంతపురపు గాలి నిశ్చలముగా నుండునది కాదు. రామగిరి కొండలమీద 1990ల నాటినుండి గాలిమరలు వరుసలు తీరియుండుటయే అందుకు సాక్ష్యము. నైరుతి కాలమున, సరిగా వేరుశెనగ చేలలో నున్న ఆ నెలలలోనే, పడమటినుండి వీచు గాలి మిక్కుటమగును. ఎదురుగాలివైపు ధార కుంచించుకొనిపోవును, గాలివాటువైపు చెదరి తుంపరగా తేలిపోవును. తడిసిన నేల వృత్తాకారము విడిచి అండాకారము దాల్చును. మన విభజన యిచ్చటను చేయి విడువదు. అడ్డలెక్కలో సున్నయని వ్రాసిన త్వరణము స్థానమున గాలి కలిగించు త్వరణమును వ్రాసి, వేగము మాఱినకొలది దానిని మార్చుచు, సెకనులో పదవవంతు చొప్పున అంచెలంచెలుగా లెక్కించుకొని పోవలెను. చేతితో చేయుటకు విసుగైన పనియే గాని, విద్యార్థి చేతిలోని కంప్యూటరునకు అది క్షణకాలపు పని. గాలి తోడైనప్పుడు అడ్డలెక్కయు నిలువులెక్కయు ఒకదాని నొకటి కొంత యెఱుగునన్నమాట నిజమే, నిరోధము మొత్తము వేగముపై ఆధారపడును గనుక. ఐనను ప్రతి చిన్న అంచెలోను చీల్చుట, కూర్చుట అను పద్ధతి మాత్రము గెలీలియో నేర్పినదే.

చేనిలో నిలిచి చూచిన, ఈ మీటర్లు సెంట్లుగా మాఱును. గన్ను 30 మీటర్లు విసరినప్పుడు ఒక్క నిలుపులో తడియు వలయపు వైశాల్యము 2827 చదరపు మీటర్లు, అనగా దాదాపు 70 సెంట్లు. గొట్టములో ఒత్తిడి తగ్గుటవలననో, మూతి అరుగుటవలననో, మిట్టమధ్యాహ్నపు గాలివలననో ఆ 30 మీటర్లు 27కు తగ్గినవనుకొనుడు. పదవవంతు తగ్గినది, అంతే గదా యని తోచును. కాని వైశాల్యము వ్యాసార్ధముయొక్క వర్గమును బట్టి పోవును. అది ఇప్పుడు 57 సెంట్లకు దిగినది, ఒక్క నిలుపున 13 సెంట్లు పోయినవి. వలయములు ఒకదానిపై నొకటి కొంత ఎక్కినగాని నడుమ ఎండిన మూలలు మిగులును గనుక, అయిదెకరముల చేనిలో ఇంజనును గొట్టములను స్టాండును ఎత్తి మార్చవలసిన సార్లు పెరుగును, డీజిలు పెరుగును, కుంటలోని నీరు అదే యుండును. గాలి యడగియుండు తెల్లవారుజామున, రాత్రి చల్లవేళలందు గన్నులు నడుపుట మేలనుటకు కారణ మిదియే; స్టాండు మీటరున్నర ఎత్తున నుండుటకును, మూతి 45 డిగ్రీలకు గాక 25 డిగ్రీల ప్రాంతమునకు వంచి పోతపోయబడుటకును గల కారణములను, ఇంటర్మీడియట్ చదువు పిల్లవాడు కాగితముమీద నడుమగీత గీచి తన తండ్రికి లెక్కవేసి చూపవచ్చును.